కొత్త కారు పొద్దున్నే స్టార్ట్ కావడం లేదు, షోరూం వాళ్ళేమో బ్యాటరీకి వారంటీ లేదంటున్నారు. ఏం చేయాలి?

మీరు చెప్పింది ఇదీ: కారు కొని నాలుగు నెలలైంది, నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు, అప్పుడే రెండుసార్లు పొద్దున్నే ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. మొదటిసారి జంప్ స్టార్ట్ చేసి, అంటే వేరే బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి పంపేశారు. రెండోసారి "బ్యాటరీ మా వారంటీలోకి రాదు, పైగా మీరు బయట డాష్‌క్యామ్ పెట్టించారు కాబట్టి ఎలక్ట్రికల్ వారంటీ మొత్తం పోయింది" అన్నారు.

ఇందులో మొదటి మాట సగం నిజం. రెండోది బెదిరింపు.

బ్యాటరీ, టైర్లు కారు కంపెనీ తయారు చేసేవి కావు. వాటి వారంటీ వాటిని తయారు చేసినవాళ్ళే చూసుకుంటారని చాలా వారంటీ పుస్తకాల్లో రాసి ఉంటుంది. అంటే వారంటీ లేదని కాదు, ఇచ్చేది వేరేవాళ్ళు అని. అసలు సంగతి అది కూడా కాదు. కొత్త బ్యాటరీ నాలుగు నెలల్లో దానంతటదే దిగిపోదు. దానిలోనే లోపం ఉండాలి, లేదా ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ సరిగా నింపకపోవాలి, లేదా బండి ఆగి ఉన్నప్పుడు ఏదో కరెంటు తాగుతూ ఉండాలి. తప్పు బండిదే అయితే చివరి రెండూ కారు కంపెనీ వారంటీలోవే. బ్యాటరీ మార్చి పంపిస్తే మూడు నెలలకు మళ్ళీ అదే కథ.

నాది ఖమ్మం. రెండేళ్ళ కిందట కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ ఐదో నెలలోనే మొదలుపెట్టింది. బటన్ నొక్కితే డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ ఒక్కసారి మిణుకుమని, కింద టకటకమని రిలే చప్పుడు, అంతే. సర్వీస్ అడ్వైజర్ అడిగిన మొదటి ప్రశ్న, "వారానికి ఎన్ని కిలోమీటర్లు తిప్పుతారు సార్? బండి తిప్పకపోతే బ్యాటరీ దిగిపోద్ది సార్." సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ ఆఫీసుకు తిప్పుతున్నానయ్యా అంటే నమ్మలేదు. చార్జింగ్ పెట్టి ఇచ్చాడు. మూడు వారాలకు మళ్ళీ ఆగింది. ఈసారి బ్యాటరీ కంపెనీ డీలర్ దగ్గరకు పంపాడు. అక్కడాయన మీటరు పెట్టి "బ్యాటరీ బాగానే ఉంది, డిస్చార్జ్ అయింది అంతే, బండిలో ప్రాబ్లం చూపించుకోండి" అన్నాడు. ఇద్దరి మధ్యా నేను బంతిలా తిరిగాను.

మూడోసారి ఆగాక ఇంట్లో క్యాలెండర్ ముందు నిలబడితే వెలిగింది. మూడుసార్లూ సోమవారం పొద్దునే. శుక్రవారం సాయంత్రం తాళం వేస్తే మళ్ళీ తీసేది సోమవారం. దాదాపు అరవై గంటలు. కానీ అన్ని సోమవారాలూ ఆగడం లేదు. అదే పెద్ద చిక్కు. షోరూంలో పెట్టిన రోజు బండి బంగారంలా ఉండేది.

తెలిసినవాళ్ళు చెబితే ఒక పాత ఎలక్ట్రీషియన్ దగ్గరకు వెళ్ళాను. ముందే చెప్పాను, "వైరు ఒక్కటి కూడా కొయ్యొద్దు, చూసి చెప్పండి చాలు" అని. ఆయన బానెట్ తీసి, తాళం వేయించి, కీ దూరంగా పెట్టించి, అరగంట కూర్చోబెట్టాడు. ఇప్పటి బండ్లలో కంప్యూటర్లు నిద్రపోవడానికి అంత టైం పడుతుందట. తర్వాత బ్యాటరీ నెగెటివ్ వైరుకు క్లాంప్ మీటరు (వైరు ఊడదీయకుండా కరెంటు కొలిచేది) తగిలించాడు. 0.7 ఆంపియర్లు. మామూలుగా 50 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.05 దాటకూడదు. నా బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది, అంటే ఒక ఆంపియర్ చొప్పున లాగితే 35 గంటలు వస్తుంది. 35ని 0.7తో భాగిస్తే 50 గంటలు. శుక్రవారం రాత్రి తాళం వేస్తే సోమవారం దాకా ఎలా ఉంటుంది?

రూమ్ ల్యాంప్ అని ఉన్న ఫ్యూజు లాగగానే 0.3కి పడింది. ఆయన నవ్వి, "మీ ఫోన్‌లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టండి బాబూ" అన్నాడు, ఫ్యూజు మళ్ళీ పెట్టేసి. పెట్టి డిక్కీ మూశాం. రెండు నిమిషాలాగి తీసి చూస్తే వీడియోలో స్టెప్నీ కవరు, మా అమ్మాయి స్కేటింగ్ బూట్లు, అన్నీ పట్టపగలులా కనిపిస్తున్నాయి. డిక్కీ మూసినా లోపల 5 వాట్ల బల్బు వెలుగుతూనే ఉంది. తాళం దగ్గర ఉండే చిన్న స్విచ్ ఒక్కోసారి పట్టుకోవడం లేదు. డిక్కీ తెరిచే ఉందనుకుని కంప్యూటరు కూడా నిద్రపోవడం లేదు. మిగతా 0.3 దానిదే. డిక్కీ ఇంకోసారి గట్టిగా వేసి, కాసేపాగి చూస్తే 0.03. అందుకే ఒక్కోసారి ఆగేది, ఒక్కోసారి ఆగేది కాదు.

ఆ వీడియో చూపిస్తే షోరూంలో పని అయిపోతుందనుకున్నాను. కాలేదు. "బయట ఎలక్ట్రీషియన్ చెయ్యి పెట్టాడుగా సార్" అన్నారు. అక్కడ నన్ను కాపాడినవి రెండు. ఒకటి, ఒక్క వైరు కూడా కోయకపోవడం. రెండోది నేను ఊహించనిది. ఆగిన మూడుసార్లూ కంపెనీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కే ఫోన్ చేశాను, తేదీ, టైం, కంప్లైంట్ నంబరుతో మెసేజ్‌లు ఫోన్‌లో ఉన్నాయి. అవి లేకపోతే నా దగ్గర ఏ కాగితమూ లేదు. ఎందుకంటే మొదటి రెండు జాబ్ కార్డుల్లో (బండి సర్వీసుకు ఇచ్చినప్పుడు మన కంప్లైంట్ రాసే కాగితం) ఆ సర్వీస్ అడ్వైజర్ మహానుభావుడు రాసింది "జనరల్ చెకప్" అని! కారు ఆగిందన్న ముక్కే లేదు.

మీరు నా మాట ఒక్కటి వింటే ఇది వినండి: జాబ్ కార్డులో మీ మాట మీరు చెప్పినట్టు పడేదాకా సంతకం పెట్టకండి. "స్టార్టింగ్ ప్రాబ్లం" అని కాదు. "తాళం వేసి ఇన్ని గంటలు నిలిపితే బ్యాటరీ దిగిపోతోంది, ఇది రెండోసారి, ముందు ఫలానా తేదీన జంప్ స్టార్ట్ చేశారు" అని. బండి తిరిగిచ్చేటప్పుడు "ఏ లోపమూ దొరకలేదు" అంటే అదీ రాసివ్వమనండి. అది కూడా పనికొచ్చే కాగితమే. అదే లోపానికి నాలుగుసార్లు తిప్పారని రేపు చూపించాల్సింది దానితోనే.

బండి ఇచ్చేటప్పుడు రెండు రాత్రులు అక్కడే తాళం వేసి ఉంచమనండి. మూసేటప్పుడు ఎన్ని వోల్టులు, తీసేటప్పుడు ఎన్ని వోల్టులు రాయమనండి. 500, 600 రూపాయల మల్టీమీటర్ ఉంటే మీరే ఇంట్లో చూసుకోవచ్చు. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువుంటే దిగిపోయినట్టే. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు మామూలుగా 14కి అటూ ఇటూగా ఉండాలి. ఇంజన్ నడుస్తున్నా 12 దగ్గరే వేలాడుతుంటే ఆల్టర్నేటర్ మీద అనుమానపడండి. కొన్ని కొత్త బండ్లు కావాలనే చార్జింగ్ తగ్గిస్తాయి కాబట్టి ఒక్క రీడింగ్‌తో తేల్చేయకండి. ఆంపియర్లు కొలిచే పని మాత్రం తెలిసినవాళ్ళకు వదిలేయండి. మీటరు తప్పుగా పెడితే ముందు మీటరులో ఫ్యూజు పోతుంది.

డాష్‌క్యామ్ సంగతి. అది సిగరెట్ లైటర్ సాకెట్‌లోంచి నడుస్తూ, బండి ఆపగానే ఆ సాకెట్‌కు కరెంటు ఆగిపోతుంటే భయమే లేదు. ఫ్యూజు బాక్సులోంచి లాగి ఉంటే, బండి ఆగి ఉన్నా రికార్డు చేసే పార్కింగ్ మోడ్ ఆన్‌లో ఉంటే, నిజంగానే అదే బ్యాటరీ తాగుతుండొచ్చు. కోపం తెచ్చుకోకుండా ముందు దాన్ని ఊడదీసి వారం రోజులు చూడండి. అయినా ఆగితే వాళ్ళ వాదన పోయింది. నా వారంటీ పుస్తకంలో ఉన్నది, బయట మార్పుల "వల్ల" వచ్చిన నష్టానికి కవరేజీ లేదని. మార్పు చేస్తే బండి మొత్తానికి లేదని కాదు. మీ పుస్తకంలో ఆ పేరా ఏముందో చదివి, డాష్‌క్యామ్ వల్ల ఏ పార్టు ఎలా పాడైందో రాసివ్వమని ఈమెయిల్‌లో అడగండి. నోటితో అనేసినంత తేలిగ్గా రాసివ్వరు.

ఇంకో మాట రెడీగా ఉంటుంది వాళ్ళ దగ్గర: "ఎలుక కొరికింది సార్." మన ఊళ్ళల్లో అది అబద్ధమని కూడా అనలేం. ఎలుక కొరికితే వారంటీ రాదు, ఇన్సూరెన్సు వైపు చూసుకోవాలి. అలా అంటే కొరికిన వైరు ఫొటో అక్కడికక్కడే తీసుకోండి.

నేను మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, వీడియో, జాబ్ కార్డులు కలిపి కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పెట్టాను. తొమ్మిదో రోజున కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజర్ వచ్చాడు. డిక్కీ లాక్ మొత్తం మార్చారు, పైసా తీసుకోలేదు. బ్యాటరీకి ఇంకో నెల పోట్లాట పట్టింది. మూడుసార్లు పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ మునుపటిలా నిలవదు, మీ లోపం వల్లే చెడింది కాబట్టి మీరే ఇవ్వాలి అని పట్టుబట్టాను. చివరికి "గుడ్‌విల్" అని పేరు పెట్టి ఇచ్చారు. పేరేదైతేనేం.

అప్పటికీ కదలకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కారు ఎక్కడ కొన్నా సరే. చెల్లించిన ధర 50 లక్షల లోపుంటే జిల్లా కమిషనే చూస్తుంది. ఫీజు కారు ధర 5 నుంచి 10 లక్షలైతే 200 రూపాయలు, 20 లక్షల దాకా 400. సమస్య తలెత్తిన రెండేళ్ళ లోపు వేయాలి. కొత్త కారే ఇప్పించమని మాత్రం ఆశ పెట్టుకోకండి. వారంటీ అంటే చెడిన పార్టు మార్చడమే తప్ప కారునే మార్చివ్వడం కాదని 2006లోనే సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది. పార్టు, రిపేరు, మీరు పడ్డ తిప్పలకు పరిహారం, ఖర్చులు అడగండి.

ఈ వారాంతం డాష్‌క్యామ్ వైరు పీకి, శుక్రవారం రాత్రి, సోమవారం పొద్దున వోల్టులు రాసుకోండి. ఎలాగూ చేయి ఖాళీయే కాబట్టి ఫోన్ ఒకసారి డిక్కీలో పెట్టి చూడండి.