పెళ్లికి ముందు పాత టాటూ మీద కొత్తది వేయించుకోవచ్చా?

చెల్లె, 2020 మేడారం జాతరలో ముంజేతి మీద వేయించుకున్న పేరు ఇప్పుడు వద్దనిపిస్తోంది, రెండు నెలల్లో పెళ్లి, హనుమకొండలో ఒకాయన దాని మీదే చిన్న గులాబీ వేసి కనబడకుండా చేస్తానన్నాడు, ఒప్పుకోవాలా అని కదా అడిగావు. ఒప్పుకోకు. గులాబీ చెడ్డదని కాదు, చిన్న గులాబీతో ఆ పేరు పోదు, రెండు నెలల టైమ్ కూడా సరిపోదు.

నా చేతి మీదా ఒక పేరుండేది. నిశ్చితార్థం అయ్యాక వేయించుకున్నాను, తర్వాత వాళ్లే సంబంధం వద్దన్నారు. బస్సులో కమ్మీ పట్టుకుంటే పక్కన నిలబడ్డామె ఆ పేరు చదివి మీ ఆయనా అని అడిగేది. కాబట్టి నీ తొందర నాకు బాగా తెలుసు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంకు ఉండేది పై చర్మంలో కాదు, దాని కింది పొరలో. కొత్త టాటూ వేసినా ఆ ఇంకూ అదే పొరలోకి పోతుంది, అంటే గోడకు పాత రంగు మీద కొత్త రంగు కొట్టినట్టు పాతది అడుగున పడిపోదు, రెండూ కలిసే కనిపిస్తాయి. నలుపు మీద పసుపో గులాబీ రంగో వేస్తే నలుపే గెలుస్తుంది. అందుకే కవరప్, అంటే పాతదాన్ని కప్పడానికి వేసే కొత్త టాటూ, పాతదానికంటే ముదురుగా, కనీసం రెండు మూడు రెట్లు పెద్దగా ఉండాలి. రెండంగుళాల పేరు మీద రెండంగుళాల గులాబీ వేస్తే కొన్ని నెలలకు రేకుల మధ్యలోంచి అక్షరాలు మళ్లీ తేలతాయి, అప్పుడు దాన్ని కప్పడానికి చెయ్యంతా నల్లగా చేసుకోవాల్సి వస్తుంది.

నేను ముందు చర్మ డాక్టర్ దగ్గర లేజర్‌తో పేరును పలచన చేయించుకున్నాను. పూర్తిగా పోగొట్టాలంటే చాలాసార్లు వెళ్లాలి, కవరప్ కోసమైతే కొంచెం వెలిస్తే చాలు. లేజర్ ఇంకును చిన్న ముక్కలుగా పగలగొడుతుంది, వాటిని మన ఒంట్లోని కణాలే మెల్లగా మోసుకుపోతాయి, అందుకే ఒక్కో సిట్టింగ్‌కు మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారు. మొదటిసారి టప్ టప్‌మని కొడుతుంటే అక్షరాలు సున్నం రాసినట్టు తెల్లబడ్డాయి, పోయిందనుకున్నాను, కాసేపటికి మళ్లీ నల్లగా అయ్యాయి. అది మామూలే, భయపడకు. మన రంగు వాళ్లకు లేజర్ సరిగ్గా పెట్టకపోతే మచ్చ పడుతుంది, కాబట్టి బ్యూటీ పార్లర్‌లో ఆఫర్ ఉందని అస్సలు పోకు. నల్ల ఇంకుకు, మన చర్మానికి సాధారణంగా 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ వాడతారు, అదేనా అని అడుగు, ముందు చిన్న చోట కొట్టి చూడమను. దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బే తత్వం నీకుంటే అది కూడా ముందే చెప్పు.

డిజైన్ దగ్గరే నాకు ఎక్కువ టైమ్ పట్టింది. నాకు కాకతీయ కళాతోరణం కావాలని ఉండేది. ఆర్టిస్ట్ వద్దన్నాడు: తోరణం స్తంభాలు నిటారుగా ఉంటాయి, తెలుగు అక్షరాలేమో గుండ్రంగా ఉంటాయి, రెండూ కుదరవు, పైగా ఆ సన్నని చెక్కడం అంత చిన్న చోట కొన్నేళ్లకు ముద్దైపోతుంది అని. ట్రేసింగ్ పేపర్ నా చేతి మీద పెట్టి పాత గీతలన్నీ దించుకుని, వాటి మీదే తామర గీశాడు. ‘ర’లోని సున్న రేకు వంపులో కలిసిపోయింది. తలకట్లు మాత్రం పైకి పొడుచుకొచ్చాయి, వాటిని ఆకు కొసలుగా మార్చి చుట్టూ ముదురు నీడ వేశాడు. ఇలా పాత గీతల్ని చూసి కొత్తది గీసేవాళ్లనే పట్టుకో. ఫోన్‌లో బొమ్మలు చూపించి ఏది కావాలో ఎంచుకోమనేవాళ్లు కవరప్‌కు పనికిరారు. మానిన కవరప్‌ల ఫోటోలు చూపించమను, వేసిన రోజువి కాదు, ఎందుకంటే ఆ రోజు ఏ టాటూ అయినా బాగానే కనిపిస్తుంది.

పెళ్లి సంగతి. పచ్చి టాటూ పైకి మానడానికే రెండు మూడు వారాలు, లోపల ఇంకా ఎక్కువ పడుతుంది. దాని మీద నలుగు పెట్టి రుద్దితే, గాజులు ఒరుసుకుంటే ఏమవుతుందో ఆలోచించు. ఈసారికి మెహందీ మోచేతి దాకా పెట్టించుకో, పెట్టే అమ్మాయికి ముందే చూపిస్తే ఆ పేరు మీదుగా గుబురుగా అల్లుతుంది, ఫోటోలకు కన్సీలర్ ఉండనే ఉంది. బ్లాక్ మెహందీ మాత్రం వద్దు, అందులో కలిపే పీపీడీ అనే రంగుతో బొబ్బలెక్కొచ్చు. సున్నం, జీడి రసం పెడితే పోతుందని ఇంట్లో ఎవరన్నా వినకు, చర్మం కాలి పేరుకు తోడు మచ్చ మిగులుతుంది. అబ్బాయికి మాత్రం ఇప్పుడే చెప్పు. నేను మా ఆయనకు పెళ్లిచూపుల్లోనే చెప్పాను, ఆ తర్వాత లేజర్‌కు తోడు వచ్చింది కూడా ఆయనే.

ఇంకో మాట, జాతరలో ఒకే సూదితో ఎంతమందికి వేశారో తెలియదు కాబట్టి హెపటైటిస్ బీ, సీ, హెచ్ఐవీ పరీక్షలు ఒకసారి చేయించుకో, ఇవి ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండొచ్చు. లేజర్ పెళ్లయ్యాక చలికాలంలో మొదలుపెట్టు, మన ఓరుగల్లు ఎండలో ఆ చోటును నీడపట్టున ఉంచడం చాలా కష్టం. డాక్టర్ చూశాక ఏమన్నారో ఇక్కడే రాయి, డిజైన్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.