అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో బాగా ఆడుతున్న బెంచ్ (సబ్‌స్టిట్యూట్) ఆటగాడిని కోచ్ ఎందుకు వెనక్కి పిలుస్తాడు?

తిరుపతిలో పొద్దున్నే టిఫిన్ తింటూ మ్యాచ్ చూసేవాళ్లకు రోజూ ఉండే గొడవే ఇది. "మావాడు పది నిమిషాల్లో పన్నెండు పాయింట్లు కొట్టాడు, అయినా కూర్చోబెట్టేశారు, ఇదేం న్యాయం?" అని ఒకరు అడిగారు.

ముందు లెక్క చూడండి. ఆట 48 నిమిషాలు, కోర్టులో ఐదుగురు. కోచ్ పంచగలిగేది మొత్తం 240 నిమిషాలే. స్టార్టర్లు, అంటే మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురు, తలా 34 ఆడితే 170 పోయాయి. మిగిలిన 70ని ఎనిమిది మందికి పంచితే ఒక్కొక్కరికీ తొమ్మిది నిమిషాలు కూడా రావు, ఒళ్లు వేడెక్కేలోపే పిలుపొస్తుంది. అందుకే నలుగురైదుగురికే ఇస్తారు.

ఇక ఆ పన్నెండు పాయింట్లు. అవి ఎవరి మీద వచ్చాయి? చాలాసార్లు అవతలి జట్టు బెంచ్ మీదే. చివరిదైన నాలుగో క్వార్టర్‌లో మేటి డిఫెండర్ ఎదురైతే అదే షాట్ అంత తేలిగ్గా పడదు. పైగా మనం స్కోరే చూస్తాం; డిఫెన్స్‌లో అతను వదిలేసిన మనిషిని కోచ్ చూస్తాడు.

అలాగని కోచ్‌లదే ఎప్పుడూ రైటని నేననను. 2013-14లో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టులో రెగ్యులర్ సీజన్‌లో మ్యాచ్‌కు సగటున ఒక్కరూ 30 నిమిషాలు ఆడలేదు, అయినా టైటిల్ వాళ్లదే. 82 మ్యాచ్‌ల సీజన్‌లో బెంచ్‌ను వాడుకుంటే స్టార్ల కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. రెగ్యులర్ సీజన్ అయ్యాక టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో మాత్రం మీవాడికి ఇంకా తక్కువే దక్కుతుంది. అప్పుడు చాలామంది కోచ్‌లు ఎనిమిది, తొమ్మిది మందితోనే నెట్టుకొస్తారు.