షాట్‌కట్‌లో మాట ముందు, పెదవి వెనక

ఆర్కే బీచ్‌లో ఫోన్‌తో తీసిన వీడియోని షాట్‌కట్‌లో (వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) పెడితే మాట ముందొచ్చి, పెదవి వెనక కదులుతోందన్నారు కదా, ఇది ఫోన్ ఫ్రేమ్ రేట్ (సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్య) గొడవే అయుంటుంది. వెలుతురు తగ్గితే చాలా ఫోన్లు సెకనుకు 30 ఫ్రేములు తీయవు, తగ్గించేస్తాయి. అందుకే మీ ఆర్కే బీచ్ వీడియో మొదట్లో బాగుండి, సాయంత్రం చీకటి పడ్డ దగ్గర్నుంచి మాట, పెదవి కలవడం లేదు.

1. ఫైల్ తెరవగానే కన్వర్ట్ చేయాలా (అంటే ఫ్రేమ్ రేట్ ఒకేలా ఉండే ఫైల్‌గా మార్చాలా) అని షాట్‌కట్ అడుగుతుంది, సరే అనండి. అందరం చదవకుండా క్యాన్సిల్ కొట్టేది అక్కడే! నేనూ రెండు నెలలు అలాగే కొట్టా.
2. ఇప్పటికే కొట్టేశారా? క్లిప్ ప్రాపర్టీస్‌లో కన్వర్ట్ ఉంటుంది.
3. కన్వర్ట్ చేసేటప్పుడు క్వాలిటీ అడిగితే గుడ్ చాలు. బెస్ట్ పెడితే హార్డ్ డిస్క్ నిండిపోతుంది.
4. టైమ్‌లైన్‌లో పాత క్లిప్ ఇంకా ఉంటే తీసేసి, కన్వర్ట్ అయిన దాన్నే కట్ చేయండి.