కలుపు మందు బోరు నీటిలోకి దిగుతుందా?

ప్రశ్న: వరి కోసిన మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న వేసి, ఎకరాకు 800 గ్రాముల అట్రజిన్ 50 శాతం పొడిని పారాక్వాట్‌తో కలిపి 200 లీటర్ల నీటిలో పిచికారీ చేశాం. మూడో రోజున పెద్ద వాన కురిసింది. పొలం గట్టున ఉన్న బోరు నీళ్లే తాగుతాం. మందు అందులోకి దిగి ఉంటుందా?
– ఒక రైతు, తెనాలి ప్రాంతం

జవాబు: మీరు ఒకే డ్రమ్ములో కలిపిన ఈ రెండు మందులూ నేలను తాకాక చెరో దారి పడతాయి. పారాక్వాట్‌కు ధనావేశం, బంకమట్టికి రుణావేశం ఉండటం వల్ల మట్టి దాన్ని పట్టుకుని వదలదు. ఏళ్ల తరబడి నేలలో మిగిలినా అది నీటితో కిందికి దిగడం అరుదు, ఒండ్రు కొట్టుకుపోతే మాత్రం దానితోపాటు కాలువలో పడుతుంది. (మింగితే విరుగుడు లేని విషం కనుక దాన్ని ఇంట్లో ఉంచవద్దు.)

అట్రజిన్‌ను మట్టి వదులుగానే పట్టుకుంటుంది. పై మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని సగానికి తగ్గించడానికి సుమారు రెండు నెలలు పడుతుంది కాబట్టి, చల్లిన వెంటనే కురిసే వానకే అది ఎక్కువగా కదులుతుంది. కోత తరువాత మీ మడి ఆరి నెర్రెలు విచ్చి ఉంటే, వాన నీరు మట్టిలో వడకట్టుకోకుండా ఆ నెర్రెల్లోంచే లోతుకు పోయి ఉంటుంది. అక్కడ సూక్ష్మజీవులు తక్కువ, మందు విరిగిపోవడమూ నెమ్మదే. జర్మనీ 1991లోనే అట్రజిన్‌ను నిషేధించినా, ఆ తరువాత చాలా ఏళ్లపాటు అక్కడి భూగర్భజలాల్లో దాని అవశేషాలు కనబడుతూనే వచ్చాయి.

అందువల్ల మీ బోరులోకి మందు దిగి ఉండే అవకాశం ఉంది. రంగు, వాసన చూసి పోల్చలేరు, మరగబెట్టినా పోదు. మామూలు నీటి పరీక్ష కాకుండా పురుగు మందుల అవశేషాల పరీక్షే అడిగి చేయించండి. అట్రజిన్‌కు భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 2 మైక్రోగ్రాములు. ఫలితం వచ్చేదాకా తాగడానికి వేరే నీళ్లు తెచ్చుకోవడం మేలు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మాత్రం మీరు రాయని విషయం: స్ప్రేయరు ఎక్కడ కడిగారు? మీ మోతాదు ప్రకారం ట్యాంకు అడుగున మిగిలే అర లీటరులో ఒక గ్రాము అసలు అట్రజిన్ ఉంటుంది, ఆ ఒక్క గ్రాము 5 లక్షల లీటర్ల నీటిని పై హద్దు దాకా తేగలదు. బోరు గట్టు మీద కడిగితే అది పైపు పక్క సందులోంచి నేరుగా దిగిపోవచ్చు. ఇకమీదట కడిగిన నీళ్లను చేనిలోనే, బోరుకు దూరంగా, పలచగా చల్లండి.