టీవీ పెట్టమంటే అప్‌డేట్ అడుగుతోంది

ప్రశ్న: నాలుగేళ్ల కిందట 43 అంగుళాల స్మార్ట్ టీవీ కొన్నాం. కొత్తలో బాగానే ఉండేది. ఇప్పుడు ఆన్ చేస్తే నిమిషం పైనే పడుతోంది, ఆ తర్వాత కూడా ముందు వచ్చేది ఏవో సినిమా పోస్టర్లు, అప్‌డేట్ చేయమని ఒక మెసేజీ. మా అత్తగారికి 74 ఏళ్లు. ఆవిడకు కావలసింది పొద్దున భక్తి చానల్, రాత్రి రెండు సీరియళ్లు. రిమోట్‌లో ఏదో నొక్కేసి ఎటో వెళ్లిపోతారు, నేను ఆఫీసులో ఉండగా ఫోన్ చేసి ‘టీవీ పోయిందమ్మా’ అంటారు. టీవీ మార్చేయమంటారా?
– తెనాలి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మార్చకండి. తెరకు ఏమీ కాలేదు, దాని వెనకున్న కంప్యూటర్‌కే ఓపిక అయిపోయింది. బడ్జెట్ టీవీల్లో ర్యామ్ 1 లేదా 1.5 జీబీ, స్టోరేజీ 8 జీబీ ఉండటం మామూలే, అందులో పెద్ద వాటా సిస్టమే తినేస్తుంది. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ యాప్‌లు కాస్త బరువెక్కుతాయి కానీ లోపల బోర్డు మాత్రం కొన్నప్పటిదే కదా. మీరు ఆన్ నొక్కగానే అది ముందు వైఫై పట్టుకుని, పోస్టర్లు తెచ్చుకుని, యాప్‌లన్నిటినీ పలకరించి, అప్పుడు మీ అత్తగారి సంగతి చూస్తుంది. ఆవిడ అడిగింది చానల్ ఒక్కటే!

సెట్టింగుల్లో టీవీ ఆన్ అవ్వగానే ఏ ఇన్‌పుట్‌కి వెళ్లాలో చెప్పే ఆప్షన్ చాలా మోడళ్లలో ఉంటుంది. దాన్ని సెట్‌టాప్ బాక్స్ వైరు గుచ్చిన హెచ్‌డీఎంఐకి పెట్టేయండి. గూగుల్ టీవీ అయితే పోస్టర్ల గోల తగ్గించడానికి యాప్‌లు మాత్రమే చూపించే మోడ్ ఉంది. మీరెవరూ ఓటీటీ చూడకపోతే ఏకంగా వైఫై తీసేయండి, అప్‌డేట్ అడగడం కూడా మానేస్తుంది. ఇక రిమోట్ సంగతి. మా నాన్నగారిదీ ఇదే బాధ. రిమోట్ మీద ఉన్న నాలుగు ఓటీటీ బటన్లకు పైన చిన్న అట్టముక్క పెట్టి టేపు చుట్టాను. చూడటానికి ఏం బాగోదు గానీ ఆయన దగ్గర్నుంచి ఫోన్లు ఆగిపోయాయి.

ఓటీటీ కావాలంటే మూడు నాలుగు వేలు పెట్టి విడిగా స్టిక్ కొనుక్కోండి, టీవీ వెనక గుచ్చితే ఓటీటీ యాప్‌లు నడిపే చిన్న పరికరం అది. అది నెమ్మదిస్తే దాన్ని మారుస్తారు, తెర అలాగే ఉంటుంది. తెర, కంప్యూటర్ రెండూ ఒకే డబ్బాలో పెట్టి అమ్మడంతోనే వచ్చింది తంటా అంతా. 2019 డిసెంబరులో కొన్ని పాత శామ్‌సంగ్ టీవీల్లో నెట్‌ఫ్లిక్స్ రావడం ఆగిపోయింది, బొమ్మా శబ్దం నిక్షేపంగా ఉన్న టీవీలవి. అన్నట్టు, ఇంకొక్క మాట. మీరేం చూస్తున్నారో కనిపెట్టి కంపెనీకి చెప్పే ఫీచర్ కూడా చాలా టీవీల్లో ఉంటుంది. అమెరికాలో విజియో కంపెనీ 1.1 కోట్ల టీవీల నుంచి ఇలాంటి సమాచారం అనుమతి లేకుండా లాగిందన్న కేసులో 2017లో 22 లక్షల డాలర్లు కట్టి బయటపడింది. ప్రైవసీ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ టిక్కు తీసేయండి.

ప్రశ్న: బెడ్‌రూమ్‌లో స్మార్ట్ బల్బు పెట్టాం. మొన్న కరెంటు పోయి తెల్లవారుజామున మూడింటికి వచ్చింది. బల్బు దానంతటదే ఫుల్లుగా వెలిగింది, బాబు లేచి ఒకటే ఏడుపు. యాప్‌లో ఆపుదామంటే రౌటర్ ఇంకా ఆన్ అవుతోంది. బల్బులో లోపమా?
– కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: గోడ మీద స్విచ్ ఉంది కదండీ! సరే, తమాషాకి అన్నాను. లోపం కాదు, దాన్ని చేసిందే అలా. గోడ స్విచ్ వేసినా, పోయిన కరెంటు తిరిగొచ్చినా బల్బుకు కనిపించేది ఒకటే, కరెంటు వచ్చింది అని. స్విచ్ వేస్తే వెలగని బల్బును ఎవరూ కొనరు కాబట్టి వెలిగేట్టే పెట్టి పంపుతారు. కరెంటు కోతలు లేని ఊళ్లో ఇది ఎవరికీ గుర్తుకు రాదు, మనకు వానాకాలం వస్తే తెలుస్తుంది. కరెంటు వచ్చాక బల్బు ఎలా ఉండాలో యాప్‌లో అడిగే సెట్టింగు చూడండి, పోయేముందు ఎలా ఉందో అలాగే ఉండేట్టు మార్చండి. ఆ సెట్టింగు లేకపోతే ఆ బల్బును వరండాకు పంపించి పడగ్గదిలో మామూలు ఎల్‌ఈడీ పెట్టుకోండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి ఇక్కడ మా ఇంటికి ఇంటర్నెట్‌తో పనిచేసే స్మార్ట్ తాళం పెట్టిస్తానంటున్నాడు. మేమిద్దరమే ఉంటాం. భయంగా ఉంది.
– కాకినాడ నుంచి ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: మీ భయం ఊరికే కాదు మాస్టారూ. 2017 ఆగస్టులో అమెరికాలో లాక్‌స్టేట్ అనే కంపెనీ తన తాళాలకు ఇంటర్నెట్‌లో తప్పు అప్‌డేట్ పంపింది. దాదాపు 500 తాళాల్లో నంబరు కొడితే తలుపు తీసుకోవడం ఆగిపోయింది, దూరం నుంచి బాగుచేయడమూ కుదరలేదు. విప్పి కంపెనీకి పంపాల్సి వచ్చింది. గొళ్లెం అయితే అప్‌డేట్ అడగదు!

అబ్బాయి ముచ్చట కాదనలేకపోతే, నెట్ లేకపోయినా నంబరు కొడితే తెరుచుకునేది, మామూలు తాళంచెవి కూడా పట్టేది, బ్యాటరీ అయిపోతే బయటి నుంచి పవర్‌బ్యాంకు తగిలించే వీలున్నది తీసుకోమనండి. ఈ మూడూ షాపులోనే, ఫోన్‌లో నెట్ ఆపేసి, మీ ఎదురుగా చేసి చూపించమనండి. కొన్నాక ఆ తాళంచెవిని మాత్రం ఇంట్లో బీరువాలో దాచకండి, పక్కింటి వాళ్లకు ఇవ్వండి.