హైదరాబాద్ శివార్లలో రెండు బర్రెలు, నాలుగు మేకలు, కొన్ని కోళ్ళు పెట్టుకుంటే రోజు ఎలా గడుస్తుంది? ఏ ప్రమాదాలు ఎదురవుతాయి?

మీకు సిటీలో ఉద్యోగం ఉందనీ, ఎకరం పొలం దగ్గర అమ్మానాన్నలు ఉంటారనీ, ఇంటి పాలకు పోను మిగిలినవి అమ్ముకుంటే చాలనీ రాశారు. ఆ లెక్కలోనే చెబుతాను. మాది మొయినాబాద్ దాటాక చేవెళ్ళ దారిలో, రోడ్డు నుంచి లోపలికి ఉన్న ఊరు. తాత కాలం నుంచి ఇంట్లో బర్రెలున్నాయి. ఇప్పుడు పాలిచ్చేవి, చూడివి, దూడలు కలిపి ఆరేడు ఉంటాయి. మేకలు పది లోపే. కోళ్ళు మా అమ్మ లెక్క.

పశువులు పెడతాననగానే అందరూ రోగాల గురించి భయపెడతారు. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు లాంటి వాటికి టీకాలున్నాయి, వేళకు వేయిస్తే చాలావరకు గట్టెక్కుతాం. సిటీ అంచున పశువులు పెంచేవాళ్ళకు అంతకంటే పెద్ద ప్రమాదం వాటి నోట్లోకి పోయేదాంతో వస్తుంది. ఫంక్షన్ హాళ్ళలో మిగిలిన అన్నం, వెంచర్లలో పడేసిన బైండింగ్ వైరు, కత్తిరించి రోడ్డు పక్కన పారేసిన గన్నేరు కొమ్మలు. మా కొట్టంలో పశువుకు ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా దాదాపు ఇలాంటిదే కారణం. నగరం మన పొలం గట్టు దాకా వచ్చింది, దాని చెత్త కూడా వచ్చింది. ఈ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను దీని మీదే ఎక్కువ రాస్తాను.

ముందు రోజు గడిచే తీరు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి. చలికాలమైనా, ఇంట్లో పెళ్ళైనా అంతే. పేడ తీసి, కొట్టం కడిగి, దాణా పెట్టి, పాలు పిండాలి. మేం పత్తిచెక్క, తవుడు, మక్కపిండి, కంది పొట్టు కలిపి పెడతాం, దాని మీద మినరల్ మిక్చర్, కొంచెం ఉప్పు. పొదుగు కడిగి, పొడి బట్టతో తుడిచి, ప్రతి చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు విడిగా ఒక నల్ల బట్ట మీద పిండి చూడండి. తెల్లని పలుకులు కనిపిస్తే పొదుగువాపు మొదలైనట్టే. ఆ పాలు మిగతా వాటిలో కలపకుండా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పిండడం అయ్యాక వెంటనే పచ్చిగడ్డి వేస్తే బర్రె నిలబడే ఉంటుంది. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట పైనే పడుతుంది. ఆ లోపల పేడలో పడుకుంటే రోగం లోపలికి పోతుంది.

బర్రె మనిషిని గుర్తుపడుతుంది. మా అమ్మ ఊరికి వెళితే మా పెద్ద బర్రె చేపేది కాదు. దూడను వదిలినా అంతే, పొదుగు నిండుగా ఉన్నా పాలు దిగేవి కావు. చివరికి చిన్నమ్మ మా అమ్మ పాత చీర భుజాన వేసుకుని కూర్చుని మెల్లగా మాట్లాడిస్తే చేపింది. అందుకే మొదటి నుంచే ఇద్దరి చేతికి అలవాటు చేయండి. లేకపోతే మీ అమ్మగారు ఒక్క పూట కూడా ఎక్కడికీ కదల్లేరు. మా ఇంట్లో అందరం కలిసి ఒక పెళ్ళికి వెళ్ళడమన్నది లేదు, ఎవరో ఒకరు ఉండిపోవాల్సిందే. పశువులు పెట్టేవాళ్ళు ముందుగా ఒప్పుకోవాల్సింది ఇదే.

పాలకేంద్రంలో ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థం) చూసి ధర కడతారు. గడపకు తీసుకెళ్ళి పోస్తే ఎక్కువ వస్తుంది, కానీ పొద్దున ఆరున్నరకల్లా చేరాలి. రోజుకు ఐదారు లీటర్లు మిగిలితే దగ్గర్లోని ఒకే అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్ళు చూసుకోండి, ఊరంతా తిరగొద్దు.

ఇక అన్నం సంగతి. మా వైపు జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) చుట్టూ కట్టడాలకు హద్దులు పెడుతూ 1996లో 111 జీవో వచ్చినా ఫాంహౌస్‌లకు, ఫంక్షన్ హాళ్ళకు లోటు లేదు. పెళ్ళిళ్ళ సీజన్‌లో మిగిలిన బగారా అన్నం, డబుల్ కా మీఠా డ్రమ్ముల్లో బయటికొస్తాయి. మూగజీవాలు తింటాయి కదా అని మంచి మనసుతోనే తెచ్చి తొట్టిలో పోస్తారు. మా పక్క పొలానికి కాపలా ఉండే తాత ఒక మధ్యాహ్నం అలాగే పోసి వెళ్ళాడు. ఒక బర్రె, ఒక పడ్డ (ఇంకా ఈనని లేత బర్రె) కడుపు నిండా తిన్నాయి. సాయంత్రానికి రెండూ నెమరు వేయడం ఆపేశాయి. చెవులు వాలిపోయాయి. ఎడమ డొక్క మీద పిడికిలితో నొక్కితే లోపల నీళ్ళ కుండ కదిలినట్టు గలగలమంది. పుల్లని వాసనతో నీళ్ళ విరేచనాలు మొదలయ్యాయి.

బర్రె కడుపులో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులుంటాయి. ఒక్కసారిగా అన్నం, తీపి పడితే వాటికి బదులు వేరే రకం విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. ఆ ఆమ్లం రక్తంలోకి ఎక్కుతుంది, ఒంట్లో నీళ్ళేమో కడుపులోకి లాగేసుకుంటాయి. పశువు కూలబడిపోతుంది. 1962కి ఫోన్ చేశాం. 2017లో తెలంగాణలో మొదలైన సంచార పశువైద్యశాలల నంబర్ ఇది, మీ అమ్మానాన్నల ఫోన్లలో ఇప్పుడే వేసి పెట్టండి. బండి వచ్చేలోపు మేత తీసేసి, బరువు అడిగి చెప్పినంత వంటసోడా నీళ్ళలో కలిపి పట్టమన్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త. మందు పోసేటప్పుడు తల మరీ పైకెత్తి, నాలుక పట్టుకుని లాగి పోస్తుంటారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మందే ప్రాణం తీస్తుంది. నోటి పక్క నుంచి కొంచెం కొంచెంగా, మింగిందో లేదో చూసుకుంటూ పోయాలి. దగ్గితే వెంటనే ఆపి తల దించాలి.

డాక్టరు గారు వచ్చి నరానికి సెలైన్లు ఎక్కించారు. బర్రె మర్నాడు లేచి నాలుగు పోచలు గడ్డి నమిలింది. పడ్డ దక్కలేదు. మూడు నెలల్లో కట్టుకు రావాల్సిన పడ్డ, అమ్మ చేతుల మీద పెరిగింది. తాతకు విషయం తెలిసి మా వాకిట్లో కూర్చుని ఏడ్చాడు. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు, ఆయనకు తెలియదు. అప్పటి నుంచి చుట్టుపక్కల వాళ్ళందరికీ ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వచ్చాం. మీరు కూడా పశువును తెచ్చిన రోజే ఇరుగుపొరుగుకు చెప్పండి: మా తొట్టిలో మేం తప్ప ఎవరూ ఏదీ వేయొద్దు, అరటి తొక్కలైనా మాకే ఇవ్వండి అని.

వైరు సంగతి ఇంకా మోసం, ఎందుకంటే అది వెంటనే కనిపించదు. మా చూడి బర్రె ఒకటి మేత తగ్గించింది. లేచేటప్పుడు మూలిగేది. ముందు కాళ్ళ మోచేతులు బయటికి పెట్టి నిలబడేది, చెరువు గట్టు ఎక్కేది కానీ దిగనని మొండికేసేది. మా ఊరి డాక్టరు గారు మెడ నరం ఉబ్బిందేమో చూసి, లేదు, ఇంకా గుండె దాకా పోలేదు, ఆలస్యం చేయకండి అన్నారు. ట్రాలీ ఆటోలో రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

బర్రెను ఇనుప చట్రంలో నిలబెట్టే ఆపరేషన్ చేశారు. ఎడమ డొక్క మీద వెంట్రుకలు గీసి, అక్కడికే మత్తు ఇచ్చి కోశారు. నేను తల దగ్గర పగ్గం పట్టుకుని ఉన్నాను. డాక్టరమ్మ భుజం దాకా చెయ్యి లోపల పెట్టి ముందు పాలిథిన్ కవర్లు తీశారు. విడివిడిగా కాదు, పేనిన తాడు మాదిరి మెలికలు పడి ఒకదానికొకటి చుట్టుకుపోయి వచ్చాయి. పాల ప్యాకెట్ మూల ముక్కలు, నైలాన్ తాడు, ఒక పిల్లల సాక్సు. బకెట్ సగం నిండింది. తర్వాత చెయ్యి ఇంకా ముందుకు పోనిచ్చి, కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతికి, వేలెడంత బైండింగ్ వైరు ముక్క తీసి నా అరచేతిలో పెట్టారు. నల్లబడి ఉంది, ఒక కొస సూదిగా ఉంది. ఆ కొసే లోపలి గోడలో దిగబడి ఉందట. బర్రె మేతను పెదవులతో ఏరుకోదు, నాలుకతో చుట్టి మింగేస్తుంది. బరువైన ఇనుము జాలపొట్టలో పడుతుంది. దానికీ గుండెకూ మధ్య ఒక్క పలుచని పొర అడ్డం. చూడి నిండే కొద్దీ కడుపు బరువు ముందుకు తోస్తుంది కాబట్టి ఈనే ముందు నెలల్లో ఇది బయటపడుతుంది. ఆ బర్రె బతికింది, నెల నిండాక ఆడదూడను ఈనింది.

ఇప్పుడు పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఒక కట్టెకు కట్టి, చొప్ప నరికిన కుప్పలో రోజూ రెండుసార్లు తిప్పుతాం. చీలలు, వైరు ముక్కలు నిజంగానే అంటుకుని వస్తాయి. మీ పొలం పక్కన కొత్త వెంచర్ ఉంటే అక్కడి గడ్డి కోయకండి, ఎంత పచ్చగా కనిపించినా సరే.

మేకలకు గన్నేరు. రోడ్ల మధ్య డివైడర్లలో, వెంచర్ల గోడల వెంట అందం కోసం పెంచుతారు. కత్తిరించినప్పుడు కొమ్మలు పక్కన పడేస్తారు. పచ్చి ఆకైనా ఎండిన ఆకైనా గుండెను ఆపేసే విషమే, కొద్ది ఆకులు చాలు. మేత పెట్టి తోలుకెళ్ళండి, ఆకలి మీదున్న మేక దేన్నైనా కొరుకుతుంది.

జొన్న గురించి కూడా తెలుసుకోవాలి, చేవెళ్ళ వైపు ఇది పాత సంగతే. వానలు ఆగి బెట్టకు వచ్చిన లేత జొన్న, కోసిన మోడు నుంచి వచ్చిన పిలకలు మేస్తే నాము తగులుతుంది. అది సైనైడ్ విషం. నిమిషాల్లో ఎగశ్వాస వస్తుంది, పడిపోతుంది. సూది మందు ఉంది కానీ డాక్టరు చేరేలోపు దక్కడం కష్టం. పూత దశ దాటాకే కోసి, ఎండబెట్టి వేయండి.

టీకాల మాట క్లుప్తంగా: గాలికుంటుకు ఏడాదికి రెండుసార్లు, గొంతువాపు, జబ్బవాపులకు వానలకు ముందు. ఆడదూడకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య బ్రూసెల్లా (చూడి పోగొట్టే రోగం) టీకా ఒక్కసారి. మేకలకు పీపీఆర్ (మేకల ప్లేగు) టీకా, తొలకరి గడ్డి మొలవక ముందే చిటుక రోగానికి. పశువైద్యశాల వాళ్ళు ఊరికి వచ్చే రోజు సర్పంచ్ ఆఫీసులో కనుక్కోండి. దూడ పుట్టిన గంటలోపు జున్నుపాలు తాగాలి, బొడ్డుకు టించర్ అయోడిన్ రాయాలి, పది రోజులకల్లా నులిపురుగుల మందు పడాలి. బర్రె దూడలు ఎక్కువగా పోయేది ఈ మూడింట్లో ఒకటి తప్పినప్పుడే. తల్లి పాల ద్వారానే పురుగులు దూడకు వస్తాయి కాబట్టి గడ్డి తినని దూడకు మందెందుకని ఆగొద్దు.

కోళ్ళకు నాటువి కాకుండా వనరాజ, గ్రామప్రియ అనే రకాలున్నాయి, రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థలో తయారైనవి. వనరాజ బరువు బాగా వస్తుంది, కానీ ఆ బరువుతో నాటుకోడి మాదిరి ఎగిరి చెట్టెక్కలేదు. మా దగ్గర ముంగిసలకు, వీధి కుక్కలకు ముందు చిక్కినవి అవే. రాత్రికి గట్టి తలుపున్న గూడు ఉంటేనే పెట్టండి. కొక్కెర తెగులు టీకా సీసా ఒకటి విప్పితే వంద కోళ్ళకు పైగా వస్తుంది, రెండు గంటల్లో వాడేయాలి, ఐసులో తేవాలి. నలుగురు కలిసి ఒకే పొద్దున వేయించుకుంటే దండగ ఉండదు. మా అమ్మ వీధిలో ఆడవాళ్ళందరినీ పోగుచేసి ఇదే చేస్తుంది. గంపల కింద కోళ్ళతో మా వాకిలి నిండిపోతుంది. నాకు ఎంతో ఇష్టమైన పొద్దు అది.

ఎండాకాలం సంగతి మరవొద్దు. బర్రెది నల్లతోలు, చెమట తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండుసార్లు ఒంటి మీద నీళ్ళు పోయాలి, రేకుల కప్పు మీద గడ్డి పరిచి తడపాలి. ఆ నెలల్లో అది ఎదకు వచ్చినా అరవదు. రాత్రి పడుకోబోయే ముందు, తెల్లవారుజామున కొట్టంలో ఒకసారి తీగలు (ఎదలో ఉన్న బర్రెకు కారే జిగురు) పడ్డాయేమో చూస్తేనే తెలుస్తుంది. చూడకపోతే ఇరవై ఒక్క రోజులు పోయినట్టే, ఆ మేర పాలు కూడా వెనక్కి పోతాయి.

కొనేటప్పుడు దీపావళి తర్వాత నారాయణగూడ సదర్ దున్నల పండుగలో అలంకరించిన హర్యానా దున్నలను చూసి ఆ సైజు బర్రె కావాలని బయల్దేరకండి. లక్ష దాటే ముర్రా జాతి బర్రె కంటే, మన ఎండకు, మన మేతకు అలవాటైన రెండో ఈత బర్రెను దగ్గరి ఊళ్ళోనే, దూడతో సహా కొనండి. అడ్వాన్స్ ఇచ్చి వరసగా మూడు పూటలు మీరే వెళ్ళి పిండించి చూడండి. మొదటి పూటది నమ్మొద్దు, ముందు రోజు పిండకుండా ఆపి ఉంచుతారు. నాలుగు చన్నుల ధారా సమానంగా ఉందో, లేచి నడిచేటప్పుడు మూలుగు ఉందో చూసుకోండి. తోలుకొచ్చిన వారంలోనే చెవి పోగు వేయించి ఇన్సూరెన్స్ చేయించండి. మొదట ఒక్క బర్రెనే తెచ్చి, అది ఎండిపోయే సమయానికి రెండోది ఈనేలా చూసుకుంటే ఇంట్లో ఏడాది పొడవునా పాలుంటాయి. మేకలు ఆ తర్వాత. మీ పొలం ఏ వైపో, బోరులో ఎండాకాలం నీళ్ళు ఎంత ఉంటాయో రాస్తే పచ్చిగడ్డి ఎన్ని గుంటల్లో వేయాలో కూడా చెబుతాను.