గడ్డి టోపీ కింద బట్టతల

అడగండి, చెబుతాను: ఆటల డెస్కు పాతకాపు జవాబులు

ప్రశ్న: గురువుగారూ, మాది టెక్కలి. మణికొండలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మొన్న ఆఫీసువాళ్లు సరదాగా గోల్ఫ్ నేర్పిస్తామని మా టీమ్‌ని తీసుకెళ్లారు. అక్కడి కోచ్ శామ్ స్నీడ్ అనే పాత అమెరికా ఆటగాడి కథ చెప్పాడు. టోర్నీ గెలిచాక న్యూయార్క్ పేపర్లో తన ఫొటో చూసి, "నేనెప్పుడూ న్యూయార్క్ వెళ్లలేదే, వీళ్లకి నా ఫొటో ఎలా దొరికింది?" అన్నాడట. అందరూ పగలబడి నవ్వారు. తర్వాత నావైపు తిరిగి, "మన స్నీడ్ ఇక్కడే ఉన్నాడు, ఏదీ, ఒకసారి సిక్కోలు భాష మాట్లాడు" అన్నారు. మాట్లాడాను. మళ్లీ నవ్వారు. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. స్నీడ్ నిజంగా అంత అమాయకుడా, లేక నటించాడా? ఇంకోసారి అడిగితే నేనేం చెయ్యాలి?
— పేరు వద్దన్న పాఠకుడు, మణికొండ

జవాబు: ఏటి బావూ, అన్నం మానీసినావా? ముందు అన్నం తిను. తర్వాత ఆ ఫొటో సంగతి తేలుద్దాం.

స్నీడ్ గెలిచింది 1937 జనవరిలో, ఓక్లాండ్‌లో. అంటే కాలిఫోర్నియా, దేశానికి ఆ కొస. పేపరేమో న్యూయార్క్‌ది, ఈ కొస. తీగ మీద ఫొటోలు పంపే పద్ధతిని అసోసియేటెడ్ ప్రెస్ మొదలుపెట్టింది 1935 జనవరి 1న. నిండా రెండేళ్ల ముచ్చట. వర్జీనియా కొండల్లోంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి ఆశ్చర్యం వేస్తే అందులో వింతేముంది? 1989లో నేను డెస్కులో చేరినప్పుడు, టెలిఫొటో యంత్రం మీద బొమ్మ గీత గీతగా దిగుతుంటే మా చీఫ్ సబ్ సిగరెట్ ఆర్పేసి మరీ పక్కన నిలబడేవాడు. ఆయన పుట్టి పెరిగింది నారాయణగూడలో. ఆయన్నెవరూ బైతు అనలేదు.

ఇంతకీ ఆ మాట అన్నది స్నీడే. దాన్ని ఊరూరా తిప్పింది మాత్రం ఫ్రెడ్ కోర్కోరన్. బోస్టన్ వైపు మనిషి. పీజీఏ, అంటే అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం, దాని టోర్నీల ఏర్పాట్లు చూసేవాడు, తర్వాత స్నీడ్‌కి మేనేజరయ్యాడు. అప్పట్లో గోల్ఫ్ చూడటానికి టికెట్ కొని వచ్చే జనం తక్కువ. పేపర్లకి కథ కావాలి, కోర్కోరన్‌కి జనం కావాలి. చేతిలో కొండ ఊరి కుర్రాడున్నాడు, బంతిని ఆమడ దూరం కొడతాడు, మాట్లాడితే యాస. ఇంకేం కావాలి? చెట్టు కొమ్మ చెక్కుకుని ఆట నేర్చుకున్నాడన్నారు. గెలిచిన డబ్బు పెరట్లో టమాటా డబ్బాల్లో పెట్టి పాతేస్తాడన్నారు. ఆగస్టా అనే ఊరి గోల్ఫ్ కోర్సులో ఒకసారి బూట్లు విప్పి ఉత్తికాళ్లతో ప్రాక్టీసు ఆడితే అదీ వార్తే. స్నీడ్ కాదనలేదు సరికదా, అడిగినవాళ్లకి ఆ డబ్బాల కథ తనే చెప్పేవాడు.

ఆ కథల్లో జారిపోయే సంగతి ఒకటుంది. ఆయన పెరిగింది హాట్ స్ప్రింగ్స్ దగ్గర. ఆ ఊళ్లోనే హోమ్‌స్టెడ్ అని శ్రీమంతులు దిగే పెద్ద రిసార్టు. చిన్నప్పుడే స్నీడ్ అక్కడ వాళ్ల బ్యాగులు మోశాడు, తర్వాత అక్కడే ఆట నేర్పే ఉద్యోగం చేశాడు. బ్యాగు మోసే కుర్రాడికి దొరల గురించి తెలియనిదేముంటుంది? ఎవడు పందెం డబ్బు ఎగ్గొడతాడో, ఎవడు బంతిని కాలితో జరుపుతాడో, ఎవడికి ఎలాంటి మాట చెబితే చిల్లర రాలుతుందో అన్నీ తెలుస్తాయి. అమాయకుణ్ణి తయారుచేసే బడి కాదది.

ఇక గడ్డి టోపీ. ఏ ఫొటో చూడు, నెత్తిన అదే. పల్లెటూరి మనిషికి గుర్తని రాశారు. కింద ఉన్నది బట్టతల, బావూ! జుట్టు తొందరగా ఊడిపోయింది, టోపీ తియ్యడం ఇష్టం లేదు. నాకు స్నీడ్ మీద ప్రేమ కుదిరింది అక్కడే. లోకం ఆ టోపీని వాళ్ల ఊరి గుర్తనుకుంది. ఆయనకది బట్టతల దాచుకునే అవసరం. ఇద్దరికీ గిట్టుబాటయింది.

కాబట్టి అమాయకుడా, నటుడా అంటే నేను బేరగాడంటాను. కాకపోతే ప్రతి బేరంలోనూ తరుగు పోతుంది. 1939 అమెరికా ఓపెన్ చూడు, ఫిలడెల్ఫియాలో. చివరి హోల్‌లో బంతిని 5 దెబ్బల్లో గుంతలో వేస్తే స్నీడ్‌దే టైటిల్. అప్పుడు కోర్సులో స్కోరు బోర్డులు ఉండేవి కావు. ఆ సంగతి ఆయనకి తెలియలేదు, ఎవరూ చెప్పలేదు. 4 కావాలనుకుని తెగించి కొట్టి, ఇసుకలో పడి, 8 కొట్టాడు. ఇప్పుడు ఆలోచించు. అదే పొరపాటు ఏ పెద్దింటి ఆటగాడో చేస్తే "దురదృష్టం" అంటారు. కొండోడు చేస్తే "బుర్ర లేదు" అంటారు. అమెరికా ఓపెన్‌లో నాలుగుసార్లు రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు, ఒక్కసారీ గెలవలేదు. మిగతా లెక్క కూడా చెబుతాను, మీ కోచ్ చెప్పి ఉండడు: పీజీఏ టూర్‌లో 82 టైటిళ్లు. 2019లో టైగర్ వుడ్స్ వచ్చి సమం చేసేదాకా ఆ ఎత్తుకి ఎవరూ చేరలేదు. 1965లో గ్రీన్స్‌బరోలో గెలిచినప్పుడు స్నీడ్ వయసు 52. ఆ వయసుకి నా నడుం వంగడం మానేసింది.

ఇంకో మాట తరచూ అనేవారు: ఆయన స్వింగ్, అంటే కర్ర ఊపే తీరు, పుట్టుకతో వచ్చిందని. పొగడ్తే కదా అనిపిస్తుంది. నాకు మాత్రం 2000 సెప్టెంబరు 19 రాత్రి గుర్తొస్తుంది. సిడ్నీలో మన కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ. ఊసవానిపేట పిల్ల, అంటే మాకు పక్క ఊరే అనుకో. డెస్కులో మిఠాయి పంచుతుంటే ఒకాయన మెచ్చుకోలుగానే అన్నాడు, "మీ వైపు వాళ్లకి ఒళ్లు గట్టిది కదండీ" అని. పొద్దున్నే లేచి ఎన్నేళ్లు ఇనుము ఎత్తిందో ఎవరికీ పట్టలేదు. ఊరు గొప్పదనే అన్నాడు పాపం. మనిషి శ్రమ మాత్రం ఆ మాట కింద పడి నలిగిపోయింది. స్నీడ్ స్వింగ్‌దీ అదే కథ.

నా సంగతి చెప్పనా? చేరిన కొత్తలో రాత్రి ఎడిషన్ దిగాక, ఒంటిగంటన్నరకి, నా చుట్టూ చేరేవారు. "గురువా, ఒక సిక్కోలు డైలాగ్." నేను "ఓలమ్మ, ఏటైపోనాదీ" అని మొదలెడితే నవ్వులే నవ్వులు. టీ డబ్బులు ఎవరో ఇచ్చేవారు. నాకూ నచ్చేది, అబద్ధమెందుకు? ఊళ్లో లేని పేరు ఇక్కడ వచ్చింది. సమస్య ఎప్పుడొచ్చిందంటే, గోల్ఫ్ రాయడానికి మనిషి కావలసి వచ్చి నేను చెయ్యెత్తాను. "నువ్వు కబడ్డీ చూడు గురువా, ఇది పెద్దమనుషుల ఆట" అన్నారు. టీ తాగిన రాత్రుల ఖరీదు అప్పుడు తెలిసింది.

ఒక రాత్రి తెగించి అన్నాను, "డ్రామా ఆడాలంటే టిక్కట్టెట్టాల సార్" అని. దాంతో ఆపేస్తారనుకున్నాను. ఇంకా ఎక్కువ నవ్వి, మర్నాడు ఆ డైలాగ్ కూడా చెప్పమన్నారు! మెల్లగా నేనే పద్ధతి మార్చాను. అడిగినప్పుడు మాట్లాడ్డం మానేసి, పని మాటలు నా యాసలో మొదలెట్టాను. స్కోరు తప్పు పడితే "ఇది సరి నేదు, మార్చీయండి" అనేవాణ్ణి. తప్పు దిద్దేవాణ్ణి చూసి నవ్వడం కొంచెం కష్టం. రెండేళ్లు పట్టింది. నువ్వూ రివ్యూ మీటింగులో ఒకసారి అలాగే మొదలెట్టి చూడు. పార్టీలో అడిగితే మాత్రం గొంతు బాగోలేదని చెప్పు.

ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం కదా, అది గిడుగు రామ్మూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఆయనది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేట. మీ మేనేజర్‌కి ఆ రోజు గ్రీటింగ్ పంపు.

ప్రశ్న: సార్, నేను కర్నూలు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో టీచర్‌గా పనిచేస్తున్నాను. ఊరు పేరు చెప్పగానే "అమ్మో, బాంబులా?" అంటారు. మీకు యాసతో టీ అయినా దొరికింది, మాకేం దొరుకుతుంది?
— ఒక టీచరమ్మ

జవాబు: అమ్మా, ఈ ప్రశ్నకి నేను ముద్దాయిని. మా డెస్కులో నంద్యాల కుర్రాడొకడు ఉండేవాడు, చీమకి హాని చెయ్యడు. రోజూ రాత్రి "ఏం రెడ్డీ, సంచిలో ఏమున్నాయి?" అని అడిగింది నేనే. వాడు రెడ్డి కూడా కాదు. నన్ను నవ్వించమన్నవాళ్ల మీద పైన అంత రాసిన మనిషినే ఆ పని చేశాను. వాడు ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లేటప్పుడు సంచి తెరిచి చూపించాడు. పంచెలు, చొక్కా, వాళ్లమ్మ పంపిన జొన్నరొట్టెలు. ఒకటి నాకిచ్చాడు.

ప్రశ్న: గురువుగారూ, ఈ కాలంలో అలాంటి ఆటగాళ్లున్నారా? గోల్ఫ్ కర్రని గుర్రంలా కాళ్ల మధ్య పెట్టుకుని గెంతిన ఒకాయన వీడియో చూశాను.
— డిగ్రీ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: ఆయన బూ వీక్లీ. ఫ్లోరిడాలోని మిల్టన్ అనే చిన్న ఊరు. నువ్వు చూసింది 2008 రైడర్ కప్, అమెరికా జట్టుకీ యూరప్ జట్టుకీ పోటీ, కెంటకీలో జరిగింది. చివరి రోజు మొదటి హోల్‌లో బంతి కొట్టి, కర్ర మీద సవారీ చేసుకుంటూ వెళ్లాడు. జనం "బూ" అని అరుస్తుంటే తిట్టో పొగడ్తో తెలియని పరిస్థితి. వరుసగా మూడుసార్లు ఓడిన అమెరికా ఆ ఏడు 16½–11½ తేడాతో గెలిచింది. వీక్లీ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.

వేట, చేపలు, వేయించిన చికెన్ — టీవీవాళ్లు ఆయన్ని అడిగేవి ఇవే. ఆయనా విసుగు లేకుండా చెబుతాడు. టూర్‌కి రాకముందు కెమికల్ ప్లాంటులో ట్యాంకులు కడిగే పని చేసిన మనిషి. దాని గురించి అడిగేవాళ్లు తక్కువ, అందులో నవ్వు రాదు కదా. 2007లోనూ 2008లోనూ హిల్టన్ హెడ్ దగ్గర వరుసగా ఒకే టోర్నీ గెలిచాడు. ఇరుకు కోర్సు అది, చెట్ల మధ్య బంతిని సూదిలో దారంలా పంపాలి. మొరటుగా బాదేవాడికి దక్కే కప్పు కాదు.

స్నీడ్‌కీ ఈయనకీ తేడా ఒకటి కనిపిస్తుంది నాకు. స్నీడ్ తన కథలు తనే చెప్పుకుని ఆఖర్న కన్ను గీటేవాడు. వీక్లీ కన్ను గీటడు. అందుకే ఆయన్ని చూస్తుంటే నవ్వొస్తుంది, నవ్వాక కొంచెం ఇబ్బందిగానూ ఉంటుంది.

ప్రశ్న: మన దేశంలో గోల్ఫ్ ఆడేవాళ్లకి యాస గొడవ ఉందా?
— మౌలాలి నుంచి ఒక రైల్వే ఉద్యోగి

జవాబు: యాస కన్నా బ్యాగు గొడవ ఎక్కువ. ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్, 1991లో. ఢిల్లీలో క్యాడీగా, అంటే ఆటగాళ్ల బ్యాగులు మోస్తూ, మొదలైన మనిషి. ఎస్‌ఎస్‌పీ చౌరాసియా తండ్రి రాయల్ కల్‌కత్తా గోల్ఫ్ క్లబ్బులో పచ్చిక చూసుకునేవాడు. చౌరాసియా 2016లో, 2017లో వరుసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. వీళ్ల గురించి ఏ వార్త తీసినా మొదటి వాక్యంలో "ఒకప్పటి క్యాడీ" ఉంటుంది. నేనూ అలాగే రాశాను, హెడ్డింగులు కూడా పెట్టాను. ఎన్ని కప్పులు గెలిస్తే ఆ ముక్క రెండో పేరాకి దిగుతుందో!

ప్రశ్న: హైదరాబాద్‌లో గోల్ఫ్ ఎక్కడ చూడొచ్చు? మాలాంటివాళ్లని లోపలికి రానిస్తారా?
— లంగర్‌హౌజ్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు

జవాబు: మీ ఇంటి పక్కనే పెట్టుకుని నన్నడుగుతారేం? గోల్కొండ కోట వెనక నయా ఖిల్లాలో కోర్సుంది. పాత బురుజులు, వాటి కింద నున్నగా పచ్చిక. ప్రొఫెషనల్ టోర్నీ జరిగే రోజుల్లో వెళ్తే అసలైన ఆట చూడొచ్చు. పక్కనే హాతియాన్ కా ఝాడ్ ఉంది, ఏనుగులాంటి బావోబాబ్ చెట్టు. నాలుగొందల ఏళ్ల పైమాటే అంటారు.

గేటు దగ్గర భయపడకండి. పోయిన చలికాలం ఆ చెట్టు చూద్దామని నేనూ వెళ్లాను. వాచ్‌మన్ ఆపాడు. "నోపలికి ఎల్లొచ్చా బావూ?" అన్నాను, తొందరలో యాస దొర్లింది. అతను నన్ను తేరిపార చూసి, "మీది ఏ ఊరండి? మాది పాతపట్నం" అన్నాడు. కుర్చీ తెచ్చి వేశాడు. వంశధారకి ఈసారి నీళ్లెంత వచ్చాయి, పలాసలో జీడిపప్పు ఏ రేటుంది, వాళ్ల గుంటడికి ఇక్కడ బడిలో ఇంగ్లీషు వస్తోందా లేదా — గంటన్నర. చీకటి పడ్డాక మెహదీపట్నం బస్సెక్కాను. చెట్టు చూడటం మర్చిపోయాను. మీరు వెళ్తే ఎలా ఉందో రాయండి.